ఓటీపీ కూడా వేలిముద్రే

మా తాతయ్యకు చదువు రాదు. అయినా ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడు, అప్పిచ్చే మనిషి చదివి వినిపిస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆ అప్పుతో ఏ సంబంధమూ లేని మరొకరిని పిలిపించి, అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది రెండుసార్లు చదివించుకున్న తరువాతే వేలికి సిరా అంటించుకునేవాడు. తెల్లకాగితం మీద ముద్ర వేసి చేలు పోగొట్టుకున్నవాళ్లను చూసిన మనిషి కనుక ఆయనకు ఆ జాగ్రత్త అలవాటైంది. నేను ఆయన మనవడిని, హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఇరవయ్యేళ్లు దాటిన సర్వీసు ఉంది. 2022 జూలై నెలాఖరులో ఒక మధ్యాహ్నం, తరగతి వరండాలో నిలబడి, ఫోనులో అడిగిన ఒక ఏజెంటుకు ఆరంకెల ఓటీపీ చదివి చెప్పాను. అది నా ఆదాయపు పన్ను రిటర్నును ధ్రువీకరించే ఆధార్ ఓటీపీ. ఆ రిటర్నులో ఏం రాసి ఉందో నేను చూడలేదు.

మరుసటి ఏడాది బ్యాంకు రుణం కోసం పాత రిటర్నులు కావలసి వచ్చి, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోంచి దింపుకొని చదివినప్పుడు తెలిసింది. సొంత ఇంట్లో ఉంటున్న నేను నెలనెలా అద్దె కడుతున్నానని అందులో ఉంది. ఏ పార్టీకీ ఎన్నడూ రూపాయి ఇవ్వని నేను రాజకీయ చందా ఇచ్చానని ఉంది. కింద, ఈ వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని నేను ప్రకటించినట్టు ఉంది. ఆ ప్రకటన కింద సంతకం ఎక్కడా లేదు, దాని బదులు ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించినట్టు ఉంది, అది నేను చెప్పిన ఆరు అంకెలే.

పన్ను రిటర్నుల కాలం రాగానే హెచ్చరికలు మొదలవుతాయి. లింకులు నొక్కవద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులూ పత్రికలూ పోలీసులూ చెబుతారు. అవన్నీ అవసరమైన మాటలే. అయితే ఆ హెచ్చరికలు వినేకొద్దీ మోసగాడు ఎక్కడో దూరాన, తెలియని నంబరు వెనుక ఉంటాడన్న నమ్మకం మన మనసులో స్థిరపడుతుంది. నేను చూసినంతలో, ఉద్యోగుల ఇళ్లను ఎక్కువగా దెబ్బతీసినవాడు స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి, మనతో టీ తాగి, 'మాస్టారూ, మీకు ఎంత వస్తుందో నేను చూస్తాను' అన్నవాడే. ఈ ఇద్దరి మోసమూ ఒకే పునాది మీద నిలుస్తుందని నా వాదన. రిఫండ్ ఎక్కడినుంచి వస్తుందో మనకు స్పష్టంగా తెలియదు. మన సంతకాన్ని చదవకుండా ఇచ్చేయడం మనకు అలవాటైపోయింది. ఈ రెండూ ఉన్నంతకాలం ఎన్ని హెచ్చరికలు విన్నా మనకు రక్షణ లేదు.

ముందు రిఫండ్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఎర అదే. మా బోటి ఉద్యోగులకు జీతంలోంచి నెలనెలా కొంత పన్ను కోత పడుతుంది, ఫిబ్రవరిలో లెక్క తేల్చి మిగతాది కోస్తారు. ఆ నెలలో ఎవరో ఒక ఉపాధ్యాయుడు తయారుచేసిన ఎక్సెల్ షీటు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, అందులో అంకెలు నింపి జీతాల బిల్లు చేసే అధికారి డీడీఓకి ఇస్తాం, వేసవి చివర్లో జీతం, కోసిన పన్ను చూపే ఫారం 16 చేతికొస్తుంది. ఇలా కోసిన మొత్తం మనం నిజంగా కట్టవలసిన పన్నుకంటే ఎక్కువైతే, ఆ ఎక్కువైన భాగం మాత్రమే తిరిగి వస్తుంది. అంటే రిఫండ్ మన డబ్బే. ప్రభుత్వం ఇచ్చే కానుక కాదు, ఏజెంటు తెలివితో పుట్టించేదీ కాదు. ముందుగా కట్టినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ అసలు ఎవరికీ రాదు, ఆలస్యమైతే చట్టం ఇచ్చే కొద్దిపాటి వడ్డీ తప్ప.

లెక్కల మాస్టారిని కనుక ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ జీతంలో ఏడాదికి 50,000 రూపాయలు కోశారనుకోండి, నిజంగా కట్టవలసినది 42,000. న్యాయంగా 8,000 వెనక్కి రావాలి. ఏజెంటు 45,000 తెప్పిస్తానని, అందులో పదిశాతం తనకు ఇమ్మని అంటాడు. అతడు అలా తెప్పించాడంటే, మీ పన్ను 5,000 మాత్రమేనని ప్రభుత్వానికి చూపించాడన్నమాట, అంటే 37,000 పన్నును దాచాడు. అతనికి 4,500 ఇస్తారు. తరువాత తనిఖీలో అది బయటపడితే ఆ 37,000 తిరిగి కట్టాలి, దానిమీద వడ్డీ కట్టాలి. తప్పుడు వివరాలు చూపినందుకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 270ఏ సెక్షను కింద, దాచిన పన్నుకు 200 శాతం, అంటే ఇంకో 74,000 వరకు జరిమానా పడవచ్చు. వడ్డీ కలపకుండానే 1,11,000. నోటీసు మీ పేరు మీదే వస్తుంది, ఏజెంటు పేరు అందులో ఎక్కడా ఉండదు.

ఇదంతా ఊహించి చెబుతున్నది కాదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఇలాంటి ఏజెంట్ల మీద తనిఖీలు చేసింది. ఇంటి అద్దె, రాజకీయ పార్టీల చందాలు, విద్యారుణం వడ్డీ, ఆరోగ్య బీమా, తీవ్రమైన జబ్బులకు వైద్యం, ఇలా లేని ఖర్చులన్నీ చూపించి రిఫండ్లు రాబట్టారని, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, విద్యాసంస్థలవాళ్లు, పెద్ద కంపెనీలవాళ్లు కూడా అందులో ఉన్నారని ప్రకటించింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రకటనలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం వేరొకటి ఉంది. ఈ ఏజెంట్లు మూకుమ్మడిగా రిటర్నులు వేయడానికి తాత్కాలికంగా ఈమెయిల్ ఐడీలు సృష్టించి, పని అయిపోగానే వదిలేస్తారని, అందువల్ల శాఖ పంపే నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటాయని అందులో ఉంది. నా ప్రొఫైల్ తెరిచి చూసినప్పుడు అక్కడ ఉన్న ఈమెయిల్ నాది కాదు. నాకు రావలసిన ఉత్తరాలు ఏడాదిపాటు ఇంకెవరి ఇంటికో వెళ్లాయన్నది అప్పుడు అర్థమైంది.

ఈ పని ఎలా నడుస్తుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మోసమని గుర్తించడం కష్టం. 2023-24 నుంచి మనం వేరేది కోరకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది, అందులో పాత మినహాయింపులు చాలావరకు లేవు. ఏజెంటు చేసే మొదటి పని, రిటర్ను వేసేటప్పుడు మిమ్మల్ని పాత విధానంలోకి మార్చడం. అది తప్పు కాదు, జీతగాళ్లకు ఆ వెసులుబాటు చట్టమే ఇచ్చింది. ఆ తరువాత 80జీజీసీ సెక్షను కింద పార్టీ చందా, 80డీడీబీ సెక్షను కింద తీవ్రమైన జబ్బుల వైద్యం ఖర్చు వంటివి చేరతాయి. వీటికి ఆధారాల కాగితాలు రిటర్నుతో పాటు జతచేయనక్కర్లేదు కనుక మొదట్లో ఎవరూ అడగరు. రిఫండ్ నిజంగానే ఖాతాలో పడుతుంది. డబ్బు పడింది కనుక పని సక్రమమేనని మనం నమ్ముతాం, పక్కవారికి చెబుతాం, మరుసటి ఏడు స్టాఫ్ అంతా అతని దగ్గరికే వెళ్తారు. మామూలు మోసంలో డబ్బు పోయిన రోజే మనకు తెలుస్తుంది. ఇందులో డబ్బు వస్తుంది, పోవడం రెండు మూడేళ్ల తరువాత. 2025-26 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి, అంటే 2024-25 ఆదాయానికి వేసిన రిటర్నుల నుంచి, ఫారాల్లో పాలసీ నంబర్లు, రుణ ఖాతాల నంబర్ల వంటి వివరాలు అడగడం మొదలుపెట్టారు. అది మంచి మార్పే, అయితే లేని చందాను రాయగలిగినవాడు లేని నంబరునూ రాయగలడు.

'అందరూ చేశారు కదా' అని నాతో వాదించినవారు ఉన్నారు. అందరూ చేయడం వల్ల ప్రమాదం తగ్గలేదు, పెరిగింది. ఒకే కంప్యూటరు నుంచి, ఒకే తీరు క్లెయిములతో, ఒకే ఆఫీసులో పనిచేసే ముప్ఫై మంది రిటర్నులు వెళ్తే, ఒకరిది బయటపడిన రోజున మిగతా ఇరవై తొమ్మిదీ దాని వెంట బయటికొస్తాయి. 'మాకు పన్ను లెక్కలు రావు, ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లక తప్పదు' అన్న మాట మాత్రం న్యాయమైనది, దానికి నేను ఎదురు చెప్పను. రిటర్ను తెలిసినవారి చేత వేయించుకోవడంలో దోషం లేదు. పనికి ఇంత అని రుసుము తీసుకునేవారిని ఎంచుకోండి. రిఫండ్‌లో వాటా అడిగే మనిషికి మీ రిఫండ్ పెరగడంలో స్వార్థం ఉంటుంది, అది పెరగాలంటే అబద్ధం రాయడం తప్ప దారి లేదు. ఆ ఒక్క ప్రశ్న, 'మీ ఫీజు ఎలా లెక్కవేస్తారు?' అన్నది, మొదటి రోజే అడగాలి.

ఇక ఓటీపీ విషయం. ఏజెంటు ఫోను చేసి 'పది నిమిషాల్లో పోతుంది సార్, తొందరగా చెప్పండి' అంటాడు. పోయేది ఆ అంకె మాత్రమే, గడువు కాదు. రిటర్ను అప్‌లోడ్ చేసిన తరువాత ధ్రువీకరించడానికి చట్టం 30 రోజులు ఇస్తుంది. అప్‌లోడ్ చేసేటప్పుడే 'తరువాత ధ్రువీకరిస్తాను' అన్న వీలు పోర్టల్‌లో ఉంది. అంటే అతడు అప్‌లోడ్ చేసి ఊరుకోవచ్చు. మీరు ఆ సాయంత్రం ఇంట్లో కూర్చొని, రిటర్ను పీడీఎఫ్ దింపుకొని, మినహాయింపుల పేజీ చదివి, ఏమీ అర్థం కాకపోతే అర్థమయ్యేవారికి చూపించి, వారం తరువాత మీ ఫోనులోనే మీరే ఓటీపీ తెప్పించుకొని ధ్రువీకరించవచ్చు. నిజాయితీగల ఏ సలహాదారూ దీనికి అడ్డు చెప్పడు. అడ్డు చెబితే, ఎందుకు చెబుతున్నాడో మీకు తెలిసినట్టే. మా తాతయ్య రెండుసార్లు చదివించుకున్న పని ఇదే. చదువు రాని ఆయన చదివించుకున్నాడు, చదువు చెప్పే నేను చదవలేదు. ఆ బాధ వల్లనే ఇది రాస్తున్నాను.

దూరాన ఉన్న దొంగ గురించి కూడా చెప్పాలి, అతని చేతిలో మా బాబాయి నష్టపోయాడు. రిటైరై పెన్షను మీద బతుకుతున్న మనిషి. నిజంగానే రిఫండ్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, రిఫండ్ మంజూరైందని, ఖాతా నంబరు సరిచూసుకోమని, సరిచూడటానికి ఈ లింకు నొక్కమని ఆయనకు ఒక మెసేజి వచ్చింది. 2023లో ఇలాగే 15,490 రూపాయల రిఫండ్ మంజూరైందంటూ తిరిగిన మెసేజి అబద్ధమని ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి మెసేజి తయారుచేసేవాడికి మీ వివరాలేవీ తెలియనక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లక్షలమందికి పంపితే, అందులో రిఫండ్ కోసం నిజంగా ఎదురుచూస్తున్నవారు ఎంతోమంది ఉంటారు, ఎవరికివారికి అది తమకోసమే వచ్చినట్టు ఉంటుంది. బాబాయి ఆశపడ్డాడని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు నాకు కష్టమనిపించింది. తనకు రావలసిన డబ్బు వచ్చిందనుకోవడం ఆశ కాదు.

లింకు తరువాత జరిగేదాన్ని దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2021 సెప్టెంబరులోనే వివరించింది. డ్రినిక్ అనే మాల్‌వేర్, అంటే ఫోనులో చొరబడే దొంగ ప్రోగ్రాం, అప్పటికే 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులను లక్ష్యంగా చేసుకుంది. లింకు నొక్కితే శాఖ వెబ్‌సైటును పోలిన పేజీ తెరుచుకుంటుంది, ఏపీకే అనే యాప్ ఫైలు ఒకటి దిగుతుంది, అది మెసేజిలు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఆ తరువాత పాన్, ఆధార్, ఖాతా నంబరు, కార్డు నంబరు, వెనుక ఉండే సీవీవీ, చివరికి పిన్ కూడా అడుగుతుంది. రిఫండ్ మొత్తం వేసి నొక్కగానే ఏదో లోపం వచ్చిందని చూపించి, అప్‌డేట్ అవుతున్నట్టు నటిస్తుంది. ఆ కొద్దిసేపట్లో వివరాలన్నీ అవతలికి చేరతాయి.

ఇక్కడ రిఫండ్ నడిచే దారి తెలిసి ఉంటే చాలు. 2019 మార్చి నుంచి రిఫండ్ పాన్‌తో జతపడిన బ్యాంకు ఖాతాకే ఆన్‌లైన్‌లో వస్తుంది. ఆ ఖాతాను ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మనమే ముందుగా ధ్రువీకరించి పెట్టుకుంటాం. బెంగళూరులోని కేంద్రం రిటర్నును పరిశీలించి, 143(1) సెక్షను కింద సమాచారం పంపి, ఆ ఖాతాలో వేస్తుంది. ఈ దారిలో ఎక్కడా కార్డు నంబరుతో పని లేదు, పిన్‌తో పని లేదు, ఏ యాప్ దింపుకోవలసిన పనీ లేదు. డబ్బు పంపడానికే పిన్ కావాలి, అందుకోవడానికి అక్కర్లేదు. మెసేజి నిజమైనదైనా కాకపోయినా లింకును వదిలేసి, పోర్టల్ చిరునామా మనమే టైపు చేసి లోపలికి వెళ్లి చూస్తే, మనకు రావలసిన ప్రతి కబురూ అక్కడ ఉంటుంది.

నోటీసు వచ్చిందని భయపెట్టేవారి విషయంలోనూ ఇంతే. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి, ఏవో కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్ప. ఆ సంఖ్యను లాగిన్ కాకుండానే పోర్టల్ మొదటి పేజీలో సరిచూడవచ్చు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకొని 'డిజిటల్ అరెస్టు' అనేవారికి జవాబు చెప్పనక్కర్లేదు, అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఏప్రిల్ 15 గడువు దగ్గర ఇదే బెడద ఉంటుంది. అక్కడి పన్ను శాఖ సాధారణంగా మొదట ఉత్తరమే పంపుతుంది, ఫోను చేసి గిఫ్ట్ కార్డులతో పన్ను కట్టమనదు. డబ్బు తీసుకొని రిటర్ను తయారుచేసేవారు తమ గుర్తింపు నంబరు వేసి సంతకం పెట్టాలన్నది అక్కడి నియమం. ఆ నియమంలో ఒక మేలు ఉంది. తప్పు జరిగితే రాసిన చెయ్యి ఎవరిదో కాగితం మీదే ఉంటుంది.

మన దగ్గర అటువంటి బాధ్యత ఏజెంటు మీద స్పష్టంగా పడనంతకాలం, భారమంతా సంతకం పెట్టినవాడి మీదే ఉంటుంది. ఇది న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. శాఖవారు ఇంగ్లిషులో, సెక్షన్ల నంబర్లతో, అంకెల పట్టికలతో పంపే సమాచారాన్ని మా అటెండరు చదువుకోలేడు. చదువుకోలేని ఉత్తరం వచ్చినప్పుడు మనిషి పక్కవాడి దగ్గరికి పరుగెత్తుతాడు, ఆ పక్కవాడే ఏజెంటు. పైగా గడువులు మారుతుంటాయి. 2025లో జూలై 31 గడువును సెప్టెంబరు 15కు, ఆఖరి క్షణంలో మరో రోజుకు పెంచారు. ఆ మధ్యలో సెప్టెంబరు 30 వరకు పెంచారన్న అబద్ధపు వార్త తిరిగి, శాఖ దాన్ని ఖండించవలసి వచ్చింది. తెలుగులో రెండు పేజీల తేటైన ఉత్తరం పంపగలిగితే ఎంతోమంది ఈ ఊబిలో పడకుండా ఉంటారు.

ఏడాదికి ఒక్కసారైనా పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం తెరిచి చూడాలని కూడా గట్టిగా చెబుతాను. మన పాన్ మీద ఎక్కడెక్కడ వడ్డీ పడింది, ఏం కొన్నాం, ఏం అమ్మాం అన్నది అందులో ఉంటుంది. మనకు తెలియని లావాదేవీ కనబడితే పాన్ వేరెవరో వాడుతున్నారేమోనని అనుమానించాలి, అది మనది కాదని అక్కడే నమోదు చేయవచ్చు. పాన్, ఆధార్ జిరాక్సులు ఏజెంట్ల సంచుల్లో ఏళ్లకేళ్లు ఉండిపోతాయి కనుక ఈ తనిఖీ అవసరం.

బాబాయి ఖాతాలోంచి 48,000 పోయింది. ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలిపినందువల్ల కొంత మొత్తం అవతలి ఖాతాలో ఆగింది, కొన్ని నెలలకు తిరిగొచ్చింది. వివరాలు మనమే ఇచ్చిన సందర్భాల్లో, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం మనది, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది అని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. అందుకే సిగ్గుపడి తెల్లవారేదాకా ఆగకూడదు.

నా సంగతికొస్తే, తప్పుడు రిటర్నును సరిదిద్దడానికి అప్‌డేటెడ్ రిటర్ను అనేదాన్ని వేసి, పన్నూ వడ్డీ, వాటి మీద 25 శాతం అదనమూ కట్టాను. 2025 ఫైనాన్స్ చట్టం ఈ అవకాశాన్ని 24 నెలల నుంచి 48 నెలలకు పెంచింది, ఆలస్యమయ్యేకొద్దీ అదనం 70 శాతం వరకు పెరుగుతుంది. శాఖ చర్యలు మొదలుపెట్టకముందే వేసుకుంటే మంచిది.

కిందటి ఫిబ్రవరిలో ఎక్సెల్ షీట్లు నింపుతున్నప్పుడు మా అటెండరు తన ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. పాస్‌వర్డు ఆయనకు తెలియదు, ఏజెంటు దగ్గరే ఉంది. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డు మార్చుకొని లోపలికి వెళ్తే, ప్రొఫైల్‌లో ఆయనది కాని ఈమెయిల్, ఆయనది కాని ఫోను నంబరు ఉన్నాయి. రెండు సంవత్సరాల రిటర్నుల్లో 80డీడీబీ కింద వైద్యం ఖర్చులు ఉన్నాయి. 'మా ఇంట్లో ఎవరికీ అంత జబ్బు లేదు మాస్టారూ' అన్నారాయన, చాలాసేపు ఆ అంకె వైపే చూస్తూ. ఈమెయిల్, నంబరు మార్చాం. కొత్త నంబరుకు వచ్చిన ఓటీపీని ఆయనే టైపు చేశారు. రెండేళ్లకూ కట్టవలసినది వడ్డీతో, అదనంతో కలిపి ఒక కాగితం మీద లెక్కవేసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, పీఎఫ్ అడ్వాన్సుకు అప్లికేషను ఎలా రాయాలో అడిగారు.